మెరక మీద మారుపంట

శ్రావణ శుద్ధ పాడ్యమి

తెల్లారేముందు జల్లు పడి ఆగింది. గాలి పడమర నుంచి, పలచగా. గోపురం సైరన్ మొదటి కూతకు బయటికి వచ్చి వేలు గుచ్చి చూస్తే తడి పైపైనే ఉంది, కింద అంతా పొడి. పార్కు పడమటి వరసలో ఎండిపోయిన నిద్రగన్నేరు కొమ్మలు కోశాను. ఉప్పు తేలిన చోట పచ్చిక గీకేశాను. బెంచీలు తుడిచాను. రెండో కూతకు ఊరందరితోపాటు ఇంట్లోకి వచ్చి తెరలు దించుకున్నాం. ఇక సాయంత్రం కూత దాకా ఎండలో అడుగు పెట్టడానికి ఉండదు. ఇవాళ్టి ఈ దినచర్య ఆ వేళలో రాస్తున్నది.

ఎగువరేవు మునిసిపల్ పార్కు కాపరి రోజూ రాయవలసిన దినచర్యే ఇది. కాకపోతే రేపటి నుంచి నేను రాసేది పార్కు గురించి కాదు, దాని పక్కనున్న మోకా నాంచారమ్మగారి మెరక గురించి. పొద్దున సరిహద్దు రాయి దగ్గర పార్కు తాళాలు ఆవిడకిచ్చాను. మెరక తాళం ఆవిడ నాకిచ్చారు. మారుపంట మొదలైంది.

పార్కు కిందికి ఉప్పునీరు వచ్చి చాలాకాలమైంది. చెట్లు ఒక్కొక్కటే పోతున్నాయి. మెరక ఎత్తు మీద ఉంది, అక్కడ నాటితే బతుకుతాయి. నాంచారమ్మగారిది ఇలకూర, పీతల వ్యాపారం. రెండింటికీ ఉప్పునేలే కావాలి. రోజూ మెరక దిగి కాలవకు వెళ్ళి, మళ్ళీ ఎక్కలేక ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. పార్కు ఇస్తాం, మెరక ఇవ్వండి అని మునిసిపాలిటీ అడిగితే రెండుసార్లు కాదన్నారు. మూడోసారి మారుపంటకైతే ఒప్పుకున్నారు.

సముద్రం వచ్చి ఊళ్ళు లేచిపోయిన రోజుల్లో జనం ఒకళ్ళ నేల ఒకళ్ళు సరిగా చూసుకోకుండా మార్చుకుని తరవాత కొట్టుకున్నారట. అప్పటి నుంచీ ఈ పద్ధతి. ఒక పంటకాలం నీ నేల నేను, నా నేల నువ్వు చూసుకోవాలి. పనిముట్లు, యంత్రాలు ఏ నేలవి ఆ నేల మీదే వదిలెయ్యాలి. నేల సంగతి ఒకళ్ళనొకళ్ళు అడగకూడదు, చెప్పకూడదు. అడిగినవాళ్ళు వద్దన్నట్టే లెక్క. చెప్పినవాళ్ళు ఇచ్చేసినట్టే లెక్క, నేల సంగతి చెప్పడమంటే నేల ఇవ్వడమే కాబట్టి. ఎవరూ నోరు జారకపోతే కార్తీక పౌర్ణమి నాడు రాయి దగ్గర నిలబడి సరే అనో కాదనో అనాలి.

ఆవిడ సరే అంటే పార్కు మెరక ఎక్కుతుంది. కాదంటే కొద్దికాలంలోనే పార్కు ఉండదు, కాపరి ఉండడు, మేముంటున్న ఈ ఇల్లూ ఉండదు. పెట్టెలు సర్దమంటారా, ఆగమంటారా అని మా ఆవిడ తులసమ్మ అడిగింది. ఆగమన్నాను.

శ్రావణ శుద్ధ సప్తమి

మబ్బు. వాన లేదు. మెరక ఉత్తరం వైపు గుంటలకు గుర్తులు పెట్టాను. నేల ఎర్రమట్టి, మెత్తన. కొట్టంలో పారలు, గడ్డపలుగులు, గంపలు, కొడవళ్ళు బాగానే ఉన్నాయి.

మెరకతోపాటు నాంచారమ్మగారి బసవ కూడా నా చేతికి వచ్చింది. నాలుగు కాళ్ళ యంత్రం. ఎద్దుకంటే చిన్నది, దూడకంటే పెద్దది. వీపు మీద ఎండపలకలు. పొద్దున్నే తూర్పుకు వీపు పెట్టి నిలబడి ఎండ మేస్తుంది. తరవాత మట్టి లాగుతుంది, నీళ్ళు మోస్తుంది. దాన్ని చేసినవాళ్ళు ఇప్పుడు లేరు. ఎవరు చెప్పినా వినే రకం కాదు, ఏళ్ళ తరబడి చూసి నేర్చుకున్నదే చేస్తుంది.

మొదటి కూతకు లేచి గేటు తీయడం నాకు చేతులకు పట్టిన అలవాటు. ఇక్కడా అలాగే తీస్తున్నాను. ఇవాళ గేటు తీసి ఉండడం చూసి కోటిలింగంగారు, ఆయన జట్టు వాళ్ళూ పైకి వచ్చారు. కోటిలింగంగారు కూతల గోపురంలో పనిచేసి దిగిపోయిన మనిషి. పార్కులో తూర్పు బెంచీ ఆయనది. బసవ వెళ్ళి గేటుకు అడ్డంగా నిలబడింది. వాళ్ళు ఎడమకు జరిగితే ఎడమకు, కుడికి జరిగితే కుడికి జరిగింది. పొడవదు, తోయదు. తల కొంచెం దించి చూస్తుంది, అంతే.

"ఏమోయ్ భూషణం, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు వచ్చిందే ఇది," అన్నారు కోటిలింగంగారు.

కాసేపు నవ్వుకుని కిందికే పోయారు.

శ్రావణ పౌర్ణమి

గాలి తూర్పుకు తిరిగింది. పోటు నీరు పార్కులో మూడో వరస దాకా వచ్చి వెళ్ళింది. ఎండాక అక్కడ తెల్లగా ఉప్పు. కానుగ ఒకటి ఆకు రాల్చేసింది. నాంచారమ్మగారు ఆ తెల్లటి చోట్లే చూసుకుని ఇలకూర విత్తారు. నేను ఏడ్చే నేల చూసి ఆవిడ కొంగు దోపుకుంటున్నారు. ఈ మార్పిడి ఎందుకు మంచిదో అది చూస్తే తెలుస్తుంది.

పార్కు యంత్రం చిట్టి ఇప్పుడు ఆవిడ దగ్గరుంది. నేల మీద ఎవరిదైనా వస్తువు కనిపిస్తే తీసుకెళ్ళి పోయిన వస్తువుల పెట్టెలో వేయడం దాని పని. ఆవిడ బురదలో దిగడానికి చెప్పులు విప్పితే చెప్పులు పెట్టెలోకి వెళ్ళాయి. తువ్వాలు వెళ్ళింది. నిన్న పీతల బుట్ట కూడా వెళ్ళింది. మూత తీసేసరికి పీతలు పెట్టెలో ఎవరిదో పాత గొడుగు పట్టుకుని వేలాడుతున్నాయని కోటిలింగంగారు వచ్చి చెప్పారు. ఆయన ఈ మధ్య ఇంత సంతోషంగా ఉండగా చూడలేదు.

శ్రావణ బహుళ దశమి

రెండు రోజులుగా ముసురు. గుంటలు నాలుగైదు తీశాను. ఒక్కడి చేత అయ్యే పని కాదు ఇది. మునిసిపాలిటీని మనుషుల్ని అడిగితే ఇద్దరిని పంపారు. బసవ వాళ్ళనూ రానివ్వలేదు. చేతులూపుకుంటూ వచ్చారు, చేతులూపుకుంటూ పోయారు.

సాయంత్రం కూత అయ్యాక నాంచారమ్మగారు రాయి దగ్గరికి వచ్చి పిలిచారు.

"భూషణం, నేల గురించి కాదు, మనుషుల గురించి మాట్లాడతాను. ఇది తప్పు కాదు."

చెప్పమన్నాను.

"ఆ బెంచీల మీద జనం వచ్చి కూర్చుంటారు. నేను వంగితే వంగిందంటారు, లేస్తే లేచిందంటారు. పీతకు నేనెక్కువ భయపడుతున్నానా, నాకు పీత ఎక్కువ భయపడుతోందా అని నిన్న పందెం వేసుకున్నారు. రేపు ఇది నాదైనా వీళ్ళు ఇక్కడే ఉంటారా?"

"ఉండరక్కా. పార్కు ఎక్కడుంటే అక్కడికి వస్తారు."

"ఎక్కడొస్తున్నారు?"

నేను మెరక గేటు వంక చూశాను.

"వీళ్ళు మెరకకి మళ్ళితేనే నేను సరే అనేది. లేకపోతే నా మెరక నాకుంది. అక్కడికి ఏ ఒక్కడూ రాడు," అని వెళ్ళిపోయారు.

బసవ మనుషుల్ని ఎందుకు ఆపుతోంది, ఎలా మాన్పించాలి అని ఒక్క మాట అడిగితే చెప్పేవారే. అడిగితే మార్పిడి పోతుంది. ఆవిడ పది అడుగుల దూరంలో నడిచి వెళ్తుంటే నోరు మూసుకుని చూస్తూ నిలబడ్డాను.

భాద్రపద శుద్ధ తదియ

ఎండ. ఉక్క. గేటు దగ్గర బసవతోనే పొద్దంతా పోతోంది. దాని ముందు నేను మనుషుల చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి చూశాను, నేర్చుకుంటుందేమోనని. నన్ను రానిచ్చి వాళ్ళను ఆపింది. తాళం నా చేతిలో పెట్టిన రోజున నాంచారమ్మగారు నన్ను దాని ముందు నిలబెట్టి భుజం మీద చెయ్యి వేశారు. అదే పని నేను వేరేవాళ్ళకు చేస్తే అది పట్టించుకోలేదు.

భాద్రపద శుద్ధ నవమి

పొద్దున పలచటి జల్లు. తులసమ్మ రోజూ నాకు అన్నం క్యారియరు కంచె మీంచి అందిస్తుంది. బసవ తననీ రానివ్వదు. ఇవాళ గుంటల్లో వేయడానికి పేడ కావాలంటే గంపకెత్తుకుని తెచ్చింది. గేటు దగ్గర దించుతుంది, వెళ్ళి తెచ్చుకుందామనుకున్నాను. చూస్తే గంపతో నా వెనకే నిలబడి ఉంది.

"ఎలా వచ్చావు?"

"నడిచి వచ్చాను. పక్కకు జరిగింది."

నిన్నటి దాకా ఆపింది కదా, నిన్ను గుర్తుపట్టిందేమో అన్నాను. తులసమ్మ గంప దించి, బయటికి వెళ్ళి, ఉత్త చేతులతో మళ్ళీ వచ్చింది. బసవ అడ్డం వచ్చింది. క్యారియరు పట్టుకుని వచ్చింది. అడ్డం వచ్చింది. ఖాళీ గంపలో క్యారియరు పెట్టి నెత్తిన పెట్టుకుని వచ్చింది. బసవ పక్కకు జరిగి దారిచ్చింది.

"అది రానిచ్చింది నన్ను కాదండీ, గంపని," అంది.

ఆ తరవాత అన్నం తింటూ మాట్లాడుకున్నాం. ఈ మెరక దేవుడు పెట్టింది కాదు. నీళ్ళు వచ్చిన కొత్తలో నాంచారమ్మగారు, ఆవిడ భర్త, కూలికి వచ్చిన ఆడవాళ్ళు గంపల్తో మట్టి పోసి ఎత్తు చేసింది. తులసమ్మ వాళ్ళమ్మ కూడా మోసిందట. బసవ అప్పటిది. ఉత్త చేతులతో ఈ గేటు దాటిన మనిషిని అది ఎన్నడూ చూడలేదు. పనికి వచ్చినవాళ్ళే మనుషులని నేర్చుకుంది.

భాద్రపద బహుళ పంచమి

నాలుగు రోజులుగా మంచి గాలి. కొట్టంలోని పారలు, పలుగులు, గంపలు, కొడవళ్ళు అన్నీ తెచ్చి గేటు బయట గోడకు ఆనించాను. ఎవరికి ఏది నచ్చితే అది పట్టుకుని రమ్మన్నాను.

షికారుకు వచ్చేవాడికి పారేమిటని కోటిలింగంగారు మొదట ఎగతాళి చేశారు. అయినా ఒక కొడవలి చంకలో పెట్టుకుని వచ్చారు. బసవ దారిచ్చింది. ఆయన వెనక్కి తిరిగి తన జట్టు వంక ఏదో పదవి వచ్చినట్టు చూశారు. మర్నాడు ఆ జట్టంతా వచ్చింది. ఆ పైరోజు ఆడవాళ్ళు గంపల్లో పసిపిల్లల్ని కూర్చోబెట్టుకుని వచ్చారు.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. పార పట్టుకున్న మనిషి ఊరికే నడవలేడు. కాసేపు నడుస్తాడు, గుర్తు పెట్టిన గుంట కనిపిస్తుంది, నాలుగు పారలు తీసి గానీ కదలడు. కోటిలింగంగారు కొడవలితో తుమ్మలు నరుకుతున్నారు. ఆయన భార్య నన్ను ఆపి, ఇంట్లో ఈనెపుల్ల తీసి అవతల పెట్టని మనిషండీ అంది.

మార్పిడి చూసే అధికారి ప్రభుదాసుగారు ఇవాళ తనిఖీకి వచ్చారు. చంకలో ఫైలు ఉంది. బసవ ఆపింది. గడ్డపలుగు చేతికిచ్చాను. ఫైలు నేను పట్టుకున్నాను. లోపలికి వచ్చి అంతా చూసి, ఒక గుంట లోతు సరిపోలేదని చెప్పి, తనే పలుగు దింపారు. వెళ్ళేటప్పుడు చొక్కా తడిసి ఉంది. మనిషి హాయిగానే ఉన్నాడు.

ఆశ్వయుజ శుద్ధ పంచమి

తెల్లవారుజామున మంచు పట్టింది. గుంటలన్నీ అయ్యాయి. వేప, కానుగ, నేరేడు, గంగరావి మొక్కలు నర్సరీ నుంచి తీగ మీద నడిచే బండిలో వచ్చాయి. సగం నాటాం.

కింద పార్కులో బెంచీలు ఖాళీ. చెప్పులు మొలకు కట్టుకుని పనిచేస్తున్నారు నాంచారమ్మగారు. ఇలకూర మోకాలెత్తు వచ్చింది. కూనిరాగం తీస్తోందని ఒకరు, కాదు పీతల్ని తిడుతోందని ఒకరు అన్నారు. ఏదైనా కులాసాగానే ఉన్నట్టు.

ఈ లెక్కన కార్తీకంలో సరే అంటారనే అనిపిస్తోంది. తులసమ్మ కూడా ఇల్లు సున్నం కొట్టిస్తే బాగుంటుందని అంటోంది.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

ఎండ. నిన్న నడకదారి వేశాం. పార్కన్నాక అంచు వెంట చుట్టూ దారి ఉండాలి. నేను పనిచేసిన పార్కులన్నీ అంతే. పైగా మెరక తూర్పు అంచు నుంచి నీళ్ళలో పాత ఊరు గోపురాలు కనిపిస్తాయి, జనం అక్కడే నిలబడతారు. ఆ అంచు పొడవునా వట్టివేరు దుబ్బులు మనిషెత్తు పెరిగి ఉన్నాయి. దారికి అడ్డమని తవ్వించేశాను.

వట్టివేళ్ళంటే ఎవరికి చేదు. అందరూ పలుగులు పట్టుకుని రెండో కూత దాకా తవ్వారు. వేళ్ళు కోసి పంచుకున్నారు, దుబ్బులు కొట్టం పక్కన కుప్ప వేశారు. ఇవాళ ఎగువరేవులో ప్రతి కిటికీకీ కొత్త తడికే. మా ఇంట్లోనూ ఒకటి కట్టి నీళ్ళు చల్లాం. రెండో కూత తరవాత ఇంత చల్లగా పడుకుని ఎన్నాళ్ళైందో.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

వాయుగుండం. రాత్రి మొదలైన వాన ఆగలేదు. కూతలు కూడా సరిగా వినపడలేదు. పొద్దున మెరక మీదికి వెళ్తే తూర్పు అంచు ఒక చోట జారిపోయింది. నేను వేసిన దారి దానితోపాటు పోయింది. నాటిన నేరేళ్ళు మూడు కిందికి వెళ్ళిపోయాయి. మట్టినీళ్ళు ఎర్రగా కింద పార్కులో నాంచారమ్మగారి పీతల గుంట వైపు దిగుతున్నాయి. బస్తాల్లో మట్టి నింపి పెట్టాను. బస్తాలూ జారాయి. రాళ్ళు పెట్టాను. రాళ్ళ బరువుకు తవ్వినట్టై ఇంకొంచెం తెగింది. ఇలాగే రాత్రికి పడితే మెరక సగం ఉండదని అర్థమైంది. అది ఎందుకు తెగుతోందో మాత్రం నాకు తట్టలేదు. నా చేతిలో ఉన్నదల్లా పార్కు పని. పార్కులో నేల కదలదు.

నాంచారమ్మగారు రాయి దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. గోనెపట్టా నెత్తిన వేసుకుని అంచు వంకే చూస్తున్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. అడగడానికి నోటి దాకా వచ్చింది. అడిగితే మార్పిడి పోతుంది, అడగకపోతే మెరక పోతుంది. మెరక పోయాక మార్పిడి దేనికి. అడగడానికే నోరు తెరిచాను.

ఆవిడ చెయ్యి ఎత్తి ఆపారు.

"ఆ వట్టివేరు దుబ్బులు కుప్ప వేశావుగా, అవి తెచ్చి అంచున మళ్ళీ పాతించు. అడుగుకొకటి, మూడు వరసలు. వేళ్ళు కోసేసినా పరవాలేదు, పిలక ఉంటే పట్టుకుంటుంది. రాళ్ళు తీసెయ్యి. వెదురు అడ్డం కొట్టి దాని వెనక పాతు."



"అక్కా, మీరు చెప్పారు," అన్నాను.

"చెప్పాను. ముందు పాతు."

ఆవిడ దిగి వెళ్ళిపోయారు. దగ్గర ఎవరూ లేరు. బసవ ఉంది, దానికి మాటలు పట్టవు.

ఆశ్వయుజ బహుళ సప్తమి

వాన తగ్గుతూ పెరుగుతూ ఉంది. పిలవకుండానే మనుషులు వచ్చారు. అంచున వెదురు కొట్టి, దుబ్బులు పాతాం. కోటిలింగంగారు బురదలో కూర్చుని పిలకలు చీల్చి ఇచ్చారు. ఈ ఉపాయం ఎవరిదోయ్ అని అడిగారు. నేను ఇంకో దుబ్బు అందుకున్నాను. సాయంత్రానికి ఇంకో జారుడు లేదు.

ఇంటికి వచ్చాక తులసమ్మకు జరిగింది చెప్పాను. లెక్క ప్రకారం మెరక మునిసిపాలిటీది అయిపోయింది. వెళ్ళి ప్రభుదాసుగారికి చెబితే రేపే కాగితం రాసేస్తారు. తులసమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ వానకు చెప్పింది, మీకు కాదు, పౌర్ణమి రోజున ఏమంటుందో అననివ్వండి అంది. నాకూ అలాగే అనిపించింది. ఇక్కడ రాశాను కనుక దాచినట్టు కాదు. కార్తీకం అయ్యాక గానీ ఈ దినచర్య ఆఫీసుకు పోదు.

కార్తీక శుద్ధ దశమి

పొడి గాలి. మొక్కలు నిలదొక్కుకున్నాయి. నడకదారి అంచు నుంచి తీసి మెరక మధ్యలో వేశాం. గోపురాలు చూడాలంటే వట్టివేరు సందుల్లోంచి తొంగి చూడాలి. జనానికి అదీ బాగానే ఉంది.

నాంచారమ్మగారు ఆ రోజు తరవాత రాయి దగ్గరికి రాలేదు. ఇలకూర కోత మొదలుపెట్టారు.

కార్తీక పౌర్ణమి

చలి మొదలైంది. ఆకాశం శుభ్రంగా ఉంది. పోటు కింది పార్కులో నాలుగో వరస దాటింది.

మొదటి కూత అయ్యాక రాయి దగ్గర నిలబడ్డాం. ఒకవైపు నేను, ఒకవైపు ఆవిడ, మధ్యలో ప్రభుదాసుగారు. పలుగులు, గంపలు పట్టుకుని ఊరు ఊరంతా వచ్చింది. మునిసిపాలిటీ తరఫున నన్ను అడిగారు. సరే అన్నాను. తరవాత ఆవిడ వైపు తిరిగారు.

"నన్ను అడగక్కర్లేదు. వాన రోజునే చెప్పేశాను," అన్నారు నాంచారమ్మగారు.

"ఏం చెప్పారమ్మా?"

"వట్టివేరు ఎలా పాతాలో చెప్పాను."

ప్రభుదాసుగారు నా వంక చూశారు. నిజమేనన్నాను. ఇన్నాళ్ళూ తెలియజేయలేదేమని అడిగారు. దినచర్యలో రాసి ఉంచానన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, సాక్షి ఎవరూ లేరు కనుక ఆ మాట పట్టుకోనక్కర్లేదని, కావాలంటే ఇప్పుడు కొత్తగా ఆలోచించుకోవచ్చని ఆవిడతో అన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

"సాక్షి ఎందుకయ్యా, దుబ్బులు చిగురేశాయిగా," అన్నారు ఆవిడ.

ఆవిడే మళ్ళీ, నా వైపు తిరిగి, "నా బసవలాగే నీకూ నోరు లేదనుకున్నాను భూషణం. ఉంది. మూసుకోవడం చేతనైన నోరు," అన్నారు. కోటిలింగంగారు పక్కకు తిరిగి నవ్వారు. ఆవిడ ఆయన్ని చూసి, "ఇక మీరు కింద కనిపిస్తే పీతల్ని వదులుతాను," అన్నారు.

కాగితాల మీద వేలిముద్రలు వేశాం. బసవ ఆవిడ వెంట వెళ్తుంది, చిట్టి నా దగ్గరికి వస్తుంది. బెంచీలు మేం మోసుకెళ్ళాలి. మెరక మీది తన ఇల్లు ఖాళీ చేయడానికి రెండు రోజులు కావాలన్నారు నాంచారమ్మగారు. తీసుకోమన్నాను.

కార్తీక బహుళ తదియ

మంచు దట్టంగా పట్టింది. గాలి లేదు. నేను వెళ్ళేసరికి మెరక మీద ఇల్లు ఊడ్చి ఉంది, తాళం గడపలో ఉంది. పని: తూర్పు బెంచీ పైకి చేర్చాం, కొత్త మొక్కలకు నీళ్ళు పోశాం.

మోకా నాంచారమ్మగారు మెరక దిగి వెళ్ళారు. బసవ వెంట వెళ్ళింది. మొదటి కూతకు ముందు.